ఊపిరితిత్తుల సార్కాయిడోసిస్‌కి మందులు: మొదలుపెట్టడం, వాడటం, ఆపడం ఎలా

“టీబీ కాదట, సార్కాయిడోసిస్ అట. స్టెరాయిడ్ రాశారు. వేసుకోవచ్చా?” నన్ను అడిగేవాళ్లలో సగం మంది ప్రశ్న ఇదే. మిగతా సగం నాలుగు నెలలు ఆగి వస్తారు. “దగ్గు తగ్గింది, మొహం ఉబ్బిపోయింది, నేనే ఆపేశాను. మళ్లీ ఆయాసం మొదలైంది. ఇప్పుడేం చేయాలి?”

నేను డాక్టర్ని కాదు. ఆస్పత్రి మందుల కౌంటర్ వెనక 18 ఏళ్లు చీటీలు చదివిన ఫార్మసిస్టుని. ఈ జబ్బులో తప్పు మందు వల్ల నష్టపోయినవాళ్ల కంటే, సరైన మందును తప్పుగా వాడి నష్టపోయినవాళ్లనే ఎక్కువ చూశాను. అందుకే ఈ వివరం. ఇందులో రాసిన డోసులు మీ చీటీ మీకు అర్థం కావడానికే. వాటిని చూసి మీకు మీరు మందు రాసుకోకండి.

జబ్బు గురించి రెండు ముక్కలు చాలు. ఒంట్లోని రక్షణ కణాలు ఏదో కారణంగా చిన్న చిన్న ముద్దలుగా కూడతాయి. ఊపిరితిత్తుల్లో, వాటి మధ్య ఉండే లింఫు బిళ్లల్లో ఇవి ఎక్కువ. అంటుకునే జబ్బు కాదు, క్యాన్సర్ కాదు. మందులు ఈ ముద్దల్ని అణచిపెడతాయి, అంతే. జబ్బును వేళ్లతో సహా పీకే మందు ఇంకా రాలేదు. అదృష్టం ఏమిటంటే, చాలామందిలో అది తనంతట తానే చల్లారుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక ఫైలు, ఒక చిన్న నోట్‌బుక్, గోడ క్యాలెండర్. ఫైల్లో ఇవి ఉండాలి:

- బయాప్సీ (ఒంట్లోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) రిపోర్టు, ఆ ముక్క మీదే చేసిన టీబీ పరీక్షల రిపోర్టులు
- ఛాతీ ఎక్స్‌రే, తీసి ఉంటే సీటీ. రిపోర్టు కాగితమే కాదు, ఫిల్మ్ లేదా సీడీ కూడా
- పీఎఫ్‌టీ, అంటే గొట్టంలోకి ఊదే పరీక్ష. అందులో ఎఫ్‌వీసీ (నిండా పీల్చి గట్టిగా ఊదితే బయటికొచ్చే గాలి), వీలైతే డీఎల్‌సీఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి గాలి చేరే తీరు) అంకెలు
- రక్త పరీక్షలు: సీబీసీ (రక్త కణాల లెక్క), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్ష, కాల్షియం, షుగర్‌తో పాటు హెచ్‌బీఏ1సీ, హెపటైటిస్ బి, సి
- ఈసీజీ
- కంటి డాక్టర్ చూసిన కాగితం. కంట్లో ఏ బాధా లేకపోయినా సరే
- మొదటి రోజు బరువు, బీపీ

కాల్షియం, ఈసీజీ, కంటి పరీక్ష: ఈ మూడే ఎక్కువ ఫైళ్లలో కనిపించవు. జబ్బు ఊపిరితిత్తులదే కదా అనుకుంటారు. కానీ అది కంటికి, గుండెకు పాకితే చికిత్స లెక్క మొత్తం మారిపోతుంది.

1. టీబీ కాదని కాగితం మీద చూసుకోండి

మన దగ్గర ఇది అందరికంటే ముందు చేయాల్సిన పని. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించగలవు, దగ్గు, జ్వరం, బరువు తగ్గడం కూడా రెంటిలోనూ ఉంటాయి. ఆరు నెలలు టీబీ మందులు మింగి, తగ్గక, అప్పుడు సార్కాయిడోసిస్ అని తేలినవాళ్లు ఎందరో. అంతకంటే ప్రమాదం దీనికి తిరగేసిన తప్పు: టీబీ ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఇవ్వడం.

చూడాల్సింది ఇది. బయాప్సీలో ముద్దలు ఉన్నాయనీ, వాటి మధ్య కుళ్లు లేదనీ రాసి ఉండాలి. సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) నెగెటివ్ రావాలి. కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్షకి) కూడా పంపి ఉండాలి. కల్చర్ ఫలితం రావడానికి దాదాపు ఆరు వారాలు పడుతుంది. అప్పటికి స్టెరాయిడ్ మొదలై, దగ్గు తగ్గి, ఆ కాగితం తెచ్చుకోవాలన్న సంగతే మర్చిపోతారు. క్యాలెండర్ మీద ఆ తేదీ ఇప్పుడే గుర్తు పెట్టండి.

మాంటూ (టీబీ కోసం చర్మంలోకి సూది వేసి చూసే) పరీక్ష సార్కాయిడోసిస్‌లో మామూలుగా నెగెటివ్ వస్తుంది. మీది గట్టిగా పాజిటివ్ వస్తే, టీబీ సంగతి మళ్లీ ఒకసారి చూడమని డాక్టర్‌ని అడగండి.

జాగ్రత్త: “రెండు డోసులు స్టెరాయిడ్ వేయగానే జ్వరం పోయింది, కాబట్టి ఇది సార్కాయిడే” అనే మాట నమ్మకండి. స్టెరాయిడ్ వేస్తే టీబీ జ్వరం కూడా కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది.

2. అసలు మందు కావాలా అని అడగండి

వింతగా ఉంటుంది కానీ, ఈ జబ్బులో మందు లేకుండా కనిపెట్టుకుని ఉండటం కూడా ఒక చికిత్సే. డాక్టర్‌ని ఇలా అడగండి: “ఇప్పుడు మొదలుపెట్టకుండా మూడు నెలలు చూస్తే నాకు ఏమవుతుంది?”

ఎక్స్‌రే ప్రకారం దీన్ని దశలుగా చెబుతారు. ఒకటో దశలో లింఫు బిళ్లలే ఉబ్బి ఉంటాయి. వీళ్లలో పదిమందికి 6 నుంచి 8 మందికి మందు లేకుండానే సర్దుకుంటుంది. రెండో దశలో బిళ్లలతో పాటు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలుంటాయి, సుమారు సగం మందికి సర్దుకుంటుంది. మూడో దశలో బిళ్లలుండవు, ఊపిరితిత్తుల మచ్చలే ఉంటాయి, పదిమందిలో ఒకరిద్దరికే తగ్గుతుంది. నాలుగో దశ అంటే గట్టిపడిపోయిన మచ్చలు, అవి వెనక్కి పోవు. అయితే ఇవి జ్వరం డిగ్రీల్లాంటివి కావు. రెండో దశలో హాయిగా మెట్లెక్కేవాళ్లున్నారు, ఒకటో దశలో దగ్గుతో నిద్రపట్టనివాళ్లున్నారు.

ఉన్నట్టుండి జ్వరం, కాళ్ల ముందు భాగాన ఎర్రటి నొప్పి గడ్డలు, చీలమండల వాపు, ఎక్స్‌రేలో రెండు పక్కలా బిళ్లలు: ఇవన్నీ కలిసి వస్తే లోఫ్‌గ్రెన్ సిండ్రోమ్ అంటారు. చూడ్డానికి భయపెడుతుంది కానీ దీని తీరు మంచిది. చాలామందికి నొప్పి మందులతోనే నెలల్లో పోతుంది.

స్టెరాయిడ్ ఎవరికి? ఆయాసం, దగ్గు రోజువారీ పనిని అడ్డుకుంటున్నవాళ్లకు, లేదా పీఎఫ్‌టీ అంకెలు పడిపోతున్నవాళ్లకు. ఎక్స్‌రే బాగాలేదన్న ఒక్క కారణంతో కాదు.

ఆగకూడని సందర్భాలు వేరు: కన్ను ఎర్రబడి చూపు మసకబారడం, గుండె దడ లేదా కళ్లు తిరిగి పడిపోవడం, మూతి వంకరపోవడం, రక్తంలో కాల్షియం బాగా పెరగడం. వీటిలో ఏది ఉన్నా మూడు నెలల ఎదురుచూపు మీకు వర్తించదు.

3. మొదటి మాత్రకు ముందు గురి రాసుకోండి

నోట్‌బుక్ మొదటి పేజీలో ఒకే వాక్యం: ఈ మందు దేనికోసం? “రెండంతస్తులు ఆగకుండా ఎక్కాలి”, “రాత్రి దగ్గుతో లేవకూడదు”, “ఎఫ్‌వీసీ 2.40 లీటర్ల నుంచి పెరగాలి”. ఏదైనా సరే, కొలవగలిగేది అయి ఉండాలి. దాని కింద తేదీ, ఆ రోజు అంకెలు, మళ్లీ ఎప్పుడు చూడాలో ఆ తేదీ.

ఇది రాసుకోనివాళ్లకు మూడో నెలలో మందు పనిచేసిందా లేదా అన్నది తేలదు. “కొంచెం బాగానే ఉన్నట్టుంది” అనే మాటతో స్టెరాయిడ్ రెండేళ్లు సాగిపోయిన చీటీలు నా చేతుల మీదుగా చాలా వెళ్లాయి.

4. ప్రెడ్నిసొలోన్: ఎలా వేసుకోవాలి

చాలామందికి మొదటి మందు ఇదే. చవక, త్వరగా పనిచేస్తుంది. మామూలుగా రోజుకు 20 నుంచి 40 మి.గ్రా.తో మొదలుపెట్టి, కొన్ని వారాల తర్వాత మెట్టుమెట్టుగా తగ్గిస్తూ 10 మి.గ్రా. లేదా అంతకంటే తక్కువకు తెస్తారు. మొత్తం 6 నుంచి 12 నెలలు పట్టవచ్చు.

40 మి.గ్రా. అంటే గట్టి వైద్యం, 20 అంటే మెతక వైద్యం అనుకోకండి. ఈ ప్రశ్నకు జవాబు మన దేశం నుంచే వచ్చింది. చండీగఢ్ పీజీఐ డాక్టర్లు 86 మంది మీద రెండు డోసులనూ పోల్చి చూశారు, 2023లో ఫలితాలు ప్రచురించారు. 18 నెలల తర్వాత చూస్తే జబ్బు తిరగబెట్టడంలో, మందు విఫలం కావడంలో రెండు గుంపులకీ తేడా లేదు. రెండింటిలోనూ సుమారు 45 శాతం మందికి అలా జరిగింది. మీకు 40 రాసి ఉంటే “20తో మొదలుపెట్టవచ్చా?” అని అడగడంలో తప్పు లేదు. గుండె, నరాల సార్కాయిడ్‌కి మాత్రం ఈ లెక్క పనికిరాదు.

వేసుకునే తీరు:

పొద్దున టిఫిన్ తిన్న వెంటనే, ఒకేసారి. రాత్రి వేసుకుంటే నిద్ర పోతుంది. రంజాన్‌లో ఉపవాసం ఉండేవాళ్లు సహరీ తిన్నాక వేసుకునే వీలుందేమో ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. షుగర్ కూడా ఉంటే ఆ మాటలు ఇంకా ముందే అవ్వాలి.

మాత్ర మీది అంకె చూడండి. వైసొలోన్, ఓమ్నాకార్టిల్ రెండూ ప్రెడ్నిసొలోనే. వీటిలో 5, 10, 20, 40 మి.గ్రా. ఉంటాయి. మెడ్రాల్ వేరే స్టెరాయిడ్: 4 మి.గ్రా. మెడ్రాల్, 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ సమానం. డెఫ్లాజాకార్ట్ అయితే 6 మి.గ్రా.కి 5 మి.గ్రా. షాపులో “ఇది లేదు, అదే మందు ఇంకో కంపెనీది” అని ఇస్తే, కంపెనీ మాత్రమే మారిందా, మందే మారిందా అని స్ట్రిప్ వెనక మందు పేరు చదవండి.

తగ్గించే పట్టికను క్యాలెండర్ మీద దించండి. “20 రెండు వారాలు, 15 నాలుగు వారాలు” అని చీటీలో ఉంటే, ఏ తేదీ నుంచి ఎన్ని మాత్రలో ఒక్కో గడిలో రాయండి. మిగిలిన మాత్రల్ని లెక్కపెడుతూ తగ్గించేవాళ్లు తప్పకుండా దారి తప్పుతారు.

చటుక్కున ఆపకండి. మూడు నాలుగు వారాలకు మించి వాడితే, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ నిద్రపోతుంది. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం. వాంతులు పట్టుకుని మాత్ర కడుపులో నిలవకపోతే అది ఆస్పత్రికి వెళ్లాల్సిన రోజు. పెద్ద జ్వరం వచ్చినా, ఆపరేషన్ ఉన్నా “నేను స్టెరాయిడ్ మీద ఉన్నాను” అని మొదటి మాటగా చెప్పండి. ఆ రోజుల్లో డోసు పెంచాల్సి రావచ్చు.

ఇప్పుడు షుగర్. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసొలోన్ షుగర్‌ని మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెంచుతుంది. పరగడుపు షుగర్ 95 చూసి నిశ్చింతగా ఉంటారు, సాయంత్రం నాలుగింటికి చూస్తే 260 ఉంటుంది. మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకు చూడండి, మొదటి నెలలో వారానికి రెండుసార్లయినా. ఆకలి విపరీతంగా పెరుగుతుంది, ఇది మీ బలహీనత కాదు, మందు చేసే పని. అన్నం కుండ దగ్గర కాస్త కాపలా పెట్టుకోవాల్సిందే. పచ్చళ్లు, అప్పడాలు, వడియాలు తగ్గిస్తే వాపు, బీపీ కొంత అదుపులో ఉంటాయి.

విటమిన్ డి దగ్గర ఆగండి

దీనికి వేరే శీర్షిక ఎందుకు పెట్టానంటే, ఇంత మామూలుగా జరిగే, ఇంత తేలిగ్గా తప్పించుకోగల తప్పు ఈ జబ్బులో ఇంకోటి లేదు.

స్టెరాయిడ్ రాస్తే ఎముకల కోసం కాల్షియం మాత్ర, వారానికోసారి 60,000 యూనిట్ల విటమిన్ డి సాచెట్ రాయడం మన దగ్గర అలవాటు. డాక్టర్ రాయకపోయినా షాపువాళ్లు ఇస్తారు, చుట్టాలు తెచ్చిపెడతారు. వేరే జబ్బుల్లో అది మంచిదే. సార్కాయిడోసిస్‌లో మాత్రం ఆ ముద్దలే విటమిన్ డిని దాని పనిచేసే రూపంలోకి మార్చేస్తాయి, ఒంటి అదుపుతో పని లేకుండా. దాంతో రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతినవచ్చు, రాళ్లు రావచ్చు.

మాయ ఎక్కడంటే, మామూలు విటమిన్ డి పరీక్షలో (25 హైడ్రాక్సీ) మీకు తక్కువే కనిపించవచ్చు. పనిచేసే రూపం (1,25 డైహైడ్రాక్సీ) ఎక్కువగా ఉంటుంది. తక్కువ ఉంది కదా అని సాచెట్లు తాగేస్తారు.

చేయాల్సింది: ముందు రక్తంలో కాల్షియం చూపించుకోండి. సాచెట్ తాగమన్న డాక్టర్‌కి “నాకు సార్కాయిడోసిస్ ఉంది, రెండు రకాల విటమిన్ డి పరీక్షలూ చూసి చెప్తారా?” అని అడగండి. మందు మొదలయ్యాక విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, మగత వస్తే ఆ రోజే కాల్షియం చూపించుకోండి. షుగర్ పెరిగినా దాహం, మూత్రం ఇలాగే ఉంటాయి కాబట్టి రెండూ చూడాలి. ఎముకలకు కావాలంటే వేరే మందులున్నాయి, డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం కొలిచే పరీక్ష) చూసి అవి రాస్తారు.

5. మెథోట్రెక్సేట్: వారానికి ఒక్కసారే

స్టెరాయిడ్ తగ్గిస్తే జబ్బు లేస్తోంది, లేదా స్టెరాయిడ్ పడటం లేదు: ఇన్నాళ్లూ ఇలాంటప్పుడు వాడే రెండో మందు ఇది. ఈ వరస కాస్త మారుతోంది. నెదర్లాండ్స్‌లో 138 మంది మీద మొదటి మందుగానే దీన్ని ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్‌తో పోల్చారు. 2025లో వచ్చిన ఫలితాల ప్రకారం, 24 వారాల దగ్గర ఎఫ్‌వీసీ మెరుగుదలలో ఇది స్టెరాయిడ్‌కి తీసిపోలేదు. స్టెరాయిడ్ త్వరగా పనిచేసింది, కానీ బరువు పెంచింది, నిద్ర చెడగొట్టింది. మెథోట్రెక్సేట్ నెమ్మదిగా పనిచేసింది, వికారం, నీరసం తెచ్చింది, లివర్ అంకెల్ని కదిలించింది. షుగర్ అదుపులో లేనివాళ్లు, ఇప్పటికే బరువు ఎక్కువ ఉన్నవాళ్లు దీనితోనే మొదలుపెట్టడం గురించి డాక్టర్‌తో మాట్లాడవచ్చు.

డోసు మామూలుగా వారానికి 10 నుంచి 15 మి.గ్రా. వారానికి. రోజుకు కాదు. రోజూ వేసుకుంటే ఇది విషం.

మన దగ్గర ఒక చిక్కు ఉంది. మెథోట్రెక్సేట్ బ్రాండ్లలో ఫోలిట్రాక్స్ ఒకటి. దానితో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ బ్రాండ్లలో ఫోల్వైట్ ఒకటి. రెండూ చిన్న మాత్రలు, రెండింటి పేరూ ‘ఫోల్’ అనే మొదలవుతుంది. ఒక పెద్దావిడ మా కౌంటర్‌కి పదో రోజున వచ్చారు, నోటినిండా పుళ్లు. సంచీలోంచి స్ట్రిప్పులు తీసి చూస్తే, రోజూ వేసుకోవాల్సింది వారానికోసారి, వారానికోసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకున్నారు. వెంటనే వార్డులో చేర్చారు, బయటపడ్డారు. ఆవిడకి ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ విడమర్చి చెప్పలేదు కూడా.

కాబట్టి ఇలా చేయండి:

ఒక వారం పేరు ఖాయం చేసుకోండి. నేను “మెథో మంగళవారం, ఫోలిక్ శుక్రవారం” అని చెబుతుంటాను, గుర్తుంటుంది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టనివాళ్లు బుధవారం పెట్టుకోండి, మందుకు పట్టింపు లేదు. ఫోలిక్ యాసిడ్ రోజూ వేసుకోమని రాస్తే అలాగే వేసుకోండి. మెథోట్రెక్సేట్ వేసుకునే రోజు మానాలా అన్నది డాక్టర్ చెబుతారు.

స్ట్రిప్ మీద మార్కర్‌తో “మంగళవారం మాత్రమే” అని రాయండి. చదవడం రాని పెద్దవాళ్లుంటే ఆ స్ట్రిప్‌ని వేరే డబ్బాలో, ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచండి.

ఒక వారం మర్చిపోతే, ఒకటి రెండు రోజుల్లో గుర్తొస్తే వేసుకోవచ్చు. అంతకంటే ఆలస్యమైతే వదిలేసి వచ్చే వారం వేసుకోండి. రెండు వారాలది కలిపి ఎప్పుడూ వద్దు.

రక్త పరీక్షలు: సీబీసీ, లివర్, క్రియాటినిన్. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, కుదురుకున్నాక సుమారు మూడు నెలలకోసారి. “బాగానే ఉన్నాను కదా” అని ఇది మానేసేవాళ్లే ఎక్కువ. కణాలు పడిపోవడం మొదట్లో బయటికి తెలియదు.

కలపకూడనివి: సెప్ట్రాన్, బాక్ట్రిమ్ లాంటి కోట్రైమాక్సజోల్ మందులు. మూత్రంలో మంటకి షాపులో అడిగి కొనుక్కునే మాత్రల్లో ఇవి ఉంటాయి. రెండూ కలిస్తే రక్త కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వాడొద్దు. మద్యం సంగతి చెప్పనక్కర్లేదు కానీ చెబుతున్నాను, ఆదివారం సాయంత్రం ‘కొంచెమే’ కూడా లివర్ లెక్కలోకి వస్తుంది. తిప్పతీగ కషాయం కూడా ఆపండి. కోవిడ్ రోజుల్లో అది తాగి లివర్ దెబ్బతిన్నవాళ్లను మన దేశంలోనే డాక్టర్లు నమోదు చేశారు. పైగా అది రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుందన్న పేరుతో తాగేది, మీరు వాడుతున్న మందులు దాన్ని అణచడానికి.

గర్భం: మెథోట్రెక్సేట్ వాడుతూ గర్భం రాకూడదు, బిడ్డకు ప్రమాదం. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు నెలల ముందే ఆపి వేరే మందుకు మారాలి. పెళ్లి కుదిరిన అమ్మాయి ఈ మాట డాక్టర్‌తో చెప్పడానికి మొహమాటపడితే, తల్లో అక్కో చెప్పాలి.

దీని ఫలితం మూడు నుంచి ఆరు నెలలకు గానీ తెలియదు. నెలన్నరకే “పనిచేయలేదు” అని ఆపేయడం ఇంకో మామూలు తప్పు. కొత్తగా పొడి దగ్గు, జ్వరం, ఆయాసం ఉన్నట్టుండి వస్తే మాత్రం జబ్బు పెరిగిందనుకుని ఇంట్లో కూర్చోవద్దు. అరుదుగా మెథోట్రెక్సేటే ఊపిరితిత్తుల్లో వాపు తెస్తుంది. తర్వాతి మాత్ర వేసుకోకుండా ముందు డాక్టర్‌ని కలవండి.

6. మెథోట్రెక్సేట్ పడకపోతే

అజాథియోప్రిన్: రోజూ వేసుకునేది. మొదలుపెట్టే ముందు టీపీఎంటీతో పాటు ఎన్‌యూడీటీ15 అనే జన్యు పరీక్ష కూడా అడగండి. మనవాళ్లలో రెండోదే ముఖ్యం, ఆ జన్యువులో తేడా ఉన్నవాళ్లకు తెల్ల కణాలు దారుణంగా పడిపోతాయి. గౌట్‌కి వాడే అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్‌లతో కలపకూడదు. గర్భం ఆలోచన ఉన్నవాళ్లకు డాక్టర్లు తరచూ దీని వైపే చూస్తారు.

లెఫ్లునోమైడ్, మైకోఫెనోలేట్: రెండూ వాడుకలో ఉన్నాయి, రెండూ గర్భంలో పనికిరావు. లెఫ్లునోమైడ్ ఆపాక కూడా చాలా నెలలు ఒంట్లో ఉంటుంది, త్వరగా పోవాలంటే వేరే మందు ఇవ్వాలి.

హైడ్రాక్సీక్లోరోక్విన్: చర్మానికి, కీళ్లకు, కాల్షియం పెరగడానికి పనికొస్తుంది. ఊపిరితిత్తుల మీద దీని బలం తక్కువ. బరువులో కిలోకు రోజుకు 5 మి.గ్రా. దాటకూడదు, కంటి పరీక్ష తప్పదు.

ఇన్‌హేలర్లు ఎందుకు రాయలేదని అడుగుతారు. దగ్గు, పిల్లికూతలు ఉంటే కొందరికి ఉపశమనం ఇస్తాయి. జబ్బును అణచడానికి అవి చాలవు. వాడితే ప్రతిసారీ నోరు పుక్కిలించండి.

7. ఇన్‌ఫ్లిక్సిమాబ్: సెలైన్‌లో ఇచ్చే మందు

పై మందులు పనిచేయనప్పుడు మూడో మెట్టు. మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, తర్వాత నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి. డోసు కిలోకు 3 నుంచి 5 మి.గ్రా. ఖర్చు లెక్క మీరే వేసుకోవచ్చు: 60 కిలోల మనిషికి కిలోకు 5 చొప్పున 300 మి.గ్రా., అంటే 100 మి.గ్రా. వయల్స్ మూడు. కిలోకు 3 చొప్పున అయితే 180, రెండు వయల్స్. బయోసిమిలర్లు (అదే మందుకు వేరే కంపెనీలు చేసే పోలిక మందులు) వచ్చాక ధర కొంత దిగింది. ఎన్ని నెలలకు డబ్బు సిద్ధం చేసుకోవాలో మొదటి డోసుకు ముందే అడగండి. రెండు డోసులు చేయించుకుని డబ్బు లేక ఆగి, ఏడాది తర్వాత మళ్లీ ఎక్కిస్తే అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ.

ఆశ కూడా కొలత ప్రకారమే పెట్టుకోవాలి. 2006లో వచ్చిన పెద్ద పరిశోధనలో ఎఫ్‌వీసీ సగటున పెరిగింది 2.5 శాతమే. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు లాభం ఎక్కువ కనిపించింది.

ఈ మందు లోపల దాగిన టీబీని నిద్రలేపుతుంది. మన దేశంలో ఇది పుస్తకంలో రాసే హెచ్చరిక కాదు, నిజంగా జరిగేది. ముందు మాంటూ లేదా ఇగ్రా (దాగిన టీబీకి చేసే రక్త పరీక్ష), ఎక్స్‌రే తప్పనిసరి. నెగెటివ్ వచ్చినా పూర్తిగా నమ్మలేం, స్టెరాయిడ్ మీద ఉంటే ఈ పరీక్షలు తప్పు నెగెటివ్ ఇవ్వగలవు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చి ఉంటే చెప్పండి. టీబీ రాకుండా ముందస్తు మందు ఇవ్వవచ్చు. ఆ మందుల్లో రిఫాంపిసిన్ జాతివి ఉంటే ప్రెడ్నిసొలోన్ బలం తగ్గుతుంది, ఆ సంగతి డాక్టర్‌కి గుర్తు చేయండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ పడదు.

ఇదే జాతిలో అడాలిముమాబ్ చర్మం కింద ఇచ్చే సూది, ఇంట్లోనే వేసుకోవచ్చు. ఎటానర్‌సెప్ట్ కూడా ఆ జాతిదే కానీ సార్కాయిడోసిస్‌కి పనిచేయలేదు. “రెండూ ఒకటే, ఇది చవక” అంటే ఒప్పుకోకండి.

8. మచ్చలు గట్టిపడితే

ముద్దలు మంట మీద ఉన్నంతకాలం పై మందులకు పని ఉంది. మచ్చగా గట్టిపడిన చోట స్టెరాయిడ్ ఎంత పెంచినా లాభం లేదు. మచ్చలు పెరుగుతూ పోతుంటే నింటెడానిబ్ ఇస్తారు, మామూలుగా 150 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, భోజనంతో. అది జారిపోయేదాన్ని నెమ్మదింపజేస్తుంది, పోయినదాన్ని తిరిగి తేదు. విరేచనాలు చాలామందికి పట్టుకుంటాయి, లోపెరమైడ్ దగ్గర పెట్టుకోండి, తగ్గకపోతే డోసు తగ్గిస్తారు. ఎక్స్‌రే, పీఎఫ్‌టీ అంకెలకు పొంతన లేనంత ఆయాసం ఉంటే ఎకో (గుండె స్కానింగ్) చేయించమని అడగండి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో బీపీ పెరిగి ఉండవచ్చు.

9. పనిచేస్తోందో లేదో చూసుకోవడం

స్టెరాయిడ్‌కి ఒకటి నుంచి మూడు నెలలు, మెథోట్రెక్సేట్‌కి ఆరు నెలలు గడువు ఇవ్వండి. ఆ రోజున నోట్‌బుక్ మొదటి పేజీ తెరవండి.

పీఎఫ్‌టీని వీలైతే అదే ల్యాబ్‌లో, అదే మిషన్ మీద చేయించండి. ఎఫ్‌వీసీలో సుమారు 10 శాతం తేడాను నిజమైన తేడాగా చూస్తారు. 2.40 లీటర్లు 2.65 అయితే బాగుపడ్డట్టే. 2.45 అయితే అది ఊదడంలో తేడా కావచ్చు. జలుబు ఉన్న రోజు, కడుపునిండా తిన్న వెంటనే ఊదకండి.

ఆరు నిమిషాల నడక: ఇంటి ముందు సమతలంగా ఉన్న దారిలో నెలకోసారి, ఎంత దూరం నడిచారో, ఆక్సిమీటర్‌లో అంకె ఎంతకు దిగిందో రాయండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే అంకె తప్పు రావచ్చు, వేరే వేలికి పెట్టండి.

సార్కాయిడోసిస్‌లో పెరగగల ఏస్ అనే రక్త పరీక్షను పట్టుకుని నెలనెలా వేలాడకండి. స్టెరాయిడ్ వేస్తే అది ఎలాగూ దిగుతుంది. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడుతున్నా దిగుతుంది. అది దిగిందని మందు ఆపడం, పెరిగిందని పెంచడం రెండూ పొరపాటే. పెట్ స్కాన్ ప్రతిసారీ అవసరం లేదు.

అన్ని అంకెలూ బాగుండి నీరసం మాత్రం వదలకపోతే? ఈ జబ్బులో ఇది మామూలే. దానికి స్టెరాయిడ్ పెంచకండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, నిద్ర చూపించుకుని, ఫిజియోథెరపిస్టు దగ్గర కొన్ని వారాల ఊపిరి వ్యాయామాలు, నడక మొదలుపెట్టండి.

ఇవి జరిగితే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు: మందుల మీద ఉండగా 100.4 దాటిన జ్వరం, నోటి పుళ్లతో పాటు ఒంటి మీద కమిలిన మచ్చలు, నల్లటి మలం, కళ్లు పచ్చబడటం, సర్పి, స్పృహ తప్పడం, చూపు మసకబారడం.

టీకాలు: ఫ్లూ, న్యుమోకోకల్ వేయించుకోవచ్చు, గట్టి మందులు మొదలయ్యే ముందైతే ఇంకా మంచిది. బతికున్న క్రిములతో చేసే టీకాలు ఈ మందుల మీద ఉండగా వద్దు.

10. ఆపడం

మామూలుగా ముందు స్టెరాయిడ్ తగ్గిస్తారు, రెండో మందు ఇంకా కొంతకాలం సాగుతుంది. 5 మి.గ్రా. దగ్గర చాలామంది ఓపిక నశించి వదిలేస్తారు, “ఇంతేగా” అని. ఒంటికి కష్టమైన మెట్టు అదే. పొద్దున 8 గంటల కార్టిసోల్ చూసి ముందుకెళ్లాలా అని అడగండి. తగ్గిస్తున్నప్పుడు ఒళ్లు నొప్పులు, నీరసం వచ్చినంత మాత్రాన జబ్బు తిరగబెట్టినట్టు కాదు. దగ్గు, ఆయాసం, అంకెలు కూడా మారితేనే ఆ అనుమానం.

తిరగబెట్టేది చాలావరకు మొదటి ఏడాదిలోనే. ఆపిన తేదీ నుంచి 3, 6, 12 నెలలకు పీఎఫ్‌టీ, ఎక్స్‌రే తేదీలు క్యాలెండర్ మీద ఇవాళే రాసేయండి. తిరగబెడితే పాత స్ట్రిప్ వెతికి సొంతంగా మొదలుపెట్టకండి. రెండోసారి వచ్చిన దగ్గు ఈసారి నిజంగా టీబీ కావచ్చు, మొదటి అడుగు నుంచి చూడాలి.

“స్టెరాయిడ్ వాడాను, ఫలానా తేదీన ఆపాను” అని రాసిన చిన్న కాగితాన్ని ఆపిన తర్వాత ఏడాది పాటు పర్సులో ఆధార్ కార్డు పక్కనే ఉంచండి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ముందు అది చూపించండి.